గూడిసన్ పార్కు ఎవరి మైదానం?

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరం ఉత్తర భాగంలో వాల్టన్ అనే పేట ఉంది. నర్సు ఉద్యోగానికి ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు అద్దె గది దొరికింది అక్కడే. మొదటి రాత్రి డ్యూటీ ముగిశాక బస్సు దిగి, దారి తప్పి, ఎర్ర ఇటుకల ఇళ్ల మధ్య తిరుగుతున్నాను. ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చేయి వేసి నిలబడ్డట్టు ఉంటాయి. ఒక సందు మలుపు తిరిగేసరికి నీలం రంగు గోడ ఒకటి ఎదురొచ్చి ఆకాశాన్ని మూసేసింది. అది గూడిసన్ పార్కు, ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానం.

ఆ గోడ వెంట చుట్టూ తిరిగి వచ్చాను. గూడిసన్ రోడ్డు, గ్లాడిస్ వీధి, బుల్లెన్స్ రోడ్డు, వాల్టన్ లేన్. నాలుగు వైపులా నాలుగు వీధులు. మా ఊళ్లో గుడి చుట్టూ ఉండే మాడవీధులే గుర్తొచ్చాయి. ఇక్కడ ప్రాకారానికీ ఇంటి గుమ్మాలకూ మధ్య దూరం మరీ తక్కువ. ఒక మూలన సెయింట్ ల్యూక్స్ చర్చి రెండు స్టాండ్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. క్లబ్బు పెరిగింది, స్టాండ్లు పెరిగాయి, చర్చి మాత్రం కదల్లేదు. అందుకే ఆ మూల స్టాండ్లు ఈనాటికీ కలవలేదు.

ఈ మైదానం గురించి ఇప్పుడు రాయడానికి ఒక మాట కారణం. ఎవర్టన్ పురుషుల జట్టు రేవు ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి వెళ్లిపోతుండగా, కూల్చాలనుకున్న గూడిసన్‌ను కూల్చకుండా స్త్రీల జట్టుకు సొంత మైదానంగా ఇస్తున్నామని 2025 మే నెలలో క్లబ్బు ప్రకటించింది. మరునాడు ఆసుపత్రి క్యాంటీన్‌లో ఒక సహోద్యోగిని, పుట్టుక నుంచి ఎవర్టన్ అభిమాని, పెదవి విరిచి అంది: "అన్న కొత్త చొక్కా కొనుక్కుని పాతది చెల్లికి ఇచ్చాడు." అప్పుడు నేనూ తలూపాను. పాత బట్టలు తొడిగి పెరిగిన ఆడపిల్లను కదా. తర్వాత ఈ మైదానం చరిత్ర చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. అది పాత చొక్కా కాదు. నూరేళ్ల కిందట లాక్కున్నది తిరిగి ఇవ్వడం. ఎందుకు అంత గట్టిగా అంటున్నానో చెబుతాను.

కథ అద్దె తగాదాతో మొదలవుతుంది. సెయింట్ డొమింగో అనే మెథడిస్టు చర్చి కుర్రాళ్లు వేసవిలో క్రికెట్ ఆడేవారు. చలికాలం ఊరికే కూర్చోలేక 1878లో ఫుట్‌బాల్ జట్టు కట్టారు. చర్చికి బయటి వాళ్లూ చేరడంతో మరుసటి ఏడు జట్టు పేరు ఎవర్టన్ అయింది. 1884 నుంచి వాళ్లు ఆడిన మైదానం ఆన్‌ఫీల్డ్. అవును, ఈనాడు ప్రపంచమంతా లివర్‌పూల్ జట్టు ఇల్లుగా ఎరిగిన ఆన్‌ఫీల్డే. 1891లో ఎవర్టన్ మొదటిసారి లీగ్ విజేత అయింది కూడా అక్కడి నుంచే.

క్లబ్బు అధ్యక్షుడు జాన్ హౌల్డింగ్ బీరు తయారీదారు, రాజకీయ నాయకుడు. మైదానం వ్యవహారమంతా ఆయన చేతిలోనే ఉండేది. జట్టు గెలుస్తున్నకొద్దీ అద్దె పెరిగింది. 100 పౌండ్లతో మొదలైంది కొన్నేళ్లకే 250 అయింది. అక్కడ తన బీరే అమ్మాలన్నది ఆయన పట్టు. సభ్యుల్లో మద్యం ముట్టని చర్చి మనుషులు చాలామంది. సెయింట్ డొమింగో చర్చిలో ఆర్గన్ వాయించే జార్జ్ మాహన్ వాళ్లకు నాయకుడయ్యాడు. 1892 మొదట్లో జరిగిన సభలో క్లబ్బును వేరే చోటికి తీసుకుపోదామని మాహన్ అన్నప్పుడు, మైదానం ఎక్కడుందని ఎవరో కేకేశారట. "నా జేబులోనే ఉంది" అన్నాడని క్లబ్బు చరిత్రల్లో చెబుతారు. స్టాన్లీ పార్కుకు అవతలి పక్క మియర్ గ్రీన్ అనే బీడు భూమి మీద అప్పటికే మాట్లాడుకున్న ఒప్పందం కాగితం ఆ జేబులో ఉంది.

ఆ భూమిని కొనడానికి అయిన ఖర్చు 8,090 పౌండ్లు. జేమ్స్ బాక్స్టర్ అనే డాక్టరు 1,000 పౌండ్లు వడ్డీ లేకుండా ఇచ్చాడు. ఖాళీ ఆన్‌ఫీల్డ్‌ను చేతిలో పెట్టుకుని హౌల్డింగ్ కొత్త జట్టు తయారు చేసుకున్నాడు. దాని పేరు లివర్‌పూల్. ప్రపంచంలో పేరు మోసిన రెండు జట్ల వైరం పుట్టింది ఒక అద్దె రసీదు దగ్గర. రెండు మైదానాల మధ్య ఈనాటికీ ఒక పార్కే అడ్డం.

1892 ఆగస్టు 24న గూడిసన్ పార్కు తెరుచుకుంది. రోడ్డు పేరే మైదానానికి వచ్చింది. ఆ రోడ్డుకు ఆ పేరు వాల్టన్ మురుగు కాల్వల మీద నివేదిక ఇచ్చిన ఒక ఇంజనీరు వల్ల వచ్చింది. ఊరి మురుగు పోయే దారి ఆలోచించిన మనిషి పేరు ఇంత కాలం నిలవడం, ఆసుపత్రిలో పనిచేసే నాకు ఎంతో నచ్చిన సంగతి. ప్రారంభం రోజు ఫుట్‌బాల్ ఆట లేదు. పరుగు పందేలు, బ్యాండు మేళం, బాణసంచా, పన్నెండు వేల మంది జనం. తెరిచినవాడు లార్డ్ కినైర్డ్, అప్పటి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

తర్వాతి దశాబ్దాలు ఈ మైదానానివే. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం నడిపే ఎఫ్‌ఏ కప్ పోటీ ఫైనల్ 1894లో ఇక్కడే జరిగింది. ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు ఇక్కడ స్టాండు తర్వాత స్టాండు కట్టాడు. 1902లో గ్లాస్గోలో తాను రూపొందించిన ఐబ్రాక్స్ మైదానంలో చెక్కల స్టాండు కూలి 25 మంది చనిపోతే కళ్లారా చూసినవాడాయన. ఆ తర్వాత ఇనుము, కాంక్రీటు మీద పడ్డాడు. బుల్లెన్స్ రోడ్డు స్టాండు పై అంతస్తు అంచున ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ అల్లినట్టుండే ఇనుప కమ్మీల వరుస ఆయన సంతకం. ఈనాటికీ ఉంది. నేనెప్పుడు వెళ్లినా మొదట నా చూపు పోయేది దాని మీదికే. 1938లో గ్లాడిస్ వీధి స్టాండు పూర్తయ్యాక, నాలుగు వైపులా రెండంతస్తుల స్టాండ్లున్న మొదటి మైదానంగా ఇంగ్లండ్‌లో దీనికే పేరు. 1958లో గడ్డి కింద విద్యుత్ తీగలు పరిచి మంచు గడ్డకట్టకుండా చూశారు. దేశంలో అదే మొదలు. మంచయితే కరిగింది కానీ ఆ నీరు పోవడానికి కాల్వలు చాలక, రెండేళ్లకే నేలంతా మళ్లీ తవ్వాల్సి వచ్చింది.

ఆటల సంగతి చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. 1928 మే 5న ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ ఒకే సీజన్‌లో 60వ లీగ్ గోల్ కొట్టింది ఇక్కడే. 1980 మార్చి 1న లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ ఆయన ప్రాణం విడిచింది కూడా ఇక్కడే. 1966 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ఆటగాళ్లు పెలే, గరింషా కలిసి చివరిసారి ఆడింది ఇక్కడ. అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో ఉత్తర కొరియా మూడు గోల్స్ ముందుంటే, యూసేబియో ఒక్కడే నాలుగు కొట్టి పోర్చుగల్‌ను 5-3తో గెలిపించింది ఈ గడ్డి మీదే. ఆ గడ్డి అంచుల్లో ఎనిమిది వందల మందికి పైగా అభిమానుల చితాభస్మం ఉంది. ఇక చోటు లేక 2004లో ఆ ఆచారం ఆపేశారు. మనవాళ్లు అస్థికలు గోదావరిలో కలిపినట్టు ఇక్కడివాళ్లు కార్నర్ జెండా పక్కన కలిపారు.

ఇవన్నీ ఎవర్టన్ అభిమాని ఎవరైనా చెబుతారు. నన్ను కదిలించిన రోజు వేరే.

1920 డిసెంబరు 26. ప్రెస్టన్ పట్టణంలో డిక్, కెర్ అనే కర్మాగారం ఉండేది. యుద్ధకాలంలో పురుషులు సైన్యంలోకి పోతే ఆడవాళ్లు వచ్చి మందుగుండు తయారు చేశారు. మధ్యాహ్నం విరామంలో కర్మాగారం వెనుక బంతి తన్నుతూ తన్నుతూ 1917లో జట్టు కట్టారు. విరాళాల కోసం ఆడేవారు. ఆ రోజు సెయింట్ హెలెన్స్ స్త్రీల జట్టుతో మ్యాచ్ గూడిసన్ పార్కులో పెట్టారు. యుద్ధం నుంచి తిరిగొచ్చి పని దొరకని సైనికుల సహాయనిధికి ఆ డబ్బు.

లోపల 53,000 మంది. చోటు లేక బయటే నిలిచిపోయినవాళ్లు ఇంకా వేలల్లో. డిక్, కెర్ జట్టులో పేరున్న ఫ్లోరీ రెడ్‌ఫోర్డ్ రైలు అందుకోలేక మ్యాచ్‌కు రాలేదు. వెనుక వరుసలో ఆడే కెప్టెన్ ఆలిస్ కెల్ రెండో సగంలో తానే ముందుకొచ్చి మూడు గోల్స్ కొట్టింది. 4-0. జట్టులో 15 ఏళ్ల లిలీ పార్ ఉంది, తర్వాతి రోజుల్లో ఇంగ్లండ్ స్త్రీల ఫుట్‌బాల్‌కు అందరికన్నా పెద్ద పేరు. వసూలైన డబ్బు 3,115 పౌండ్లు. ఇంగ్లండ్‌లో స్త్రీల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు అంతకు మించిన జనం మళ్లీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో గానీ రాలేదు.

ఏడాది గడవకముందే, 1921 డిసెంబరు 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తీర్మానం చేసింది. ఫుట్‌బాల్ స్త్రీలకు ఏమాత్రం తగిన ఆట కాదనీ, దాన్ని ప్రోత్సహించకూడదనీ దాని సారాంశం. విరాళాల లెక్కల మీద అనుమానాలు కూడా అందులో జోడించారు. అప్పుడు సంఘం అధ్యక్షుడు ఎవరు? లార్డ్ కినైర్డ్. 1892లో గూడిసన్ తలుపులు తెరిచిన మనిషే. ఆయన అధ్యక్షతలోని సంఘమే ఆ తలుపులు స్త్రీలకు మూసింది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. సంఘం స్త్రీలను ఆడవద్దని ఆపలేదు. ఆపే అధికారం దానికి లేదు. తన కిందున్న క్లబ్బులకు ఒకే ఆదేశం ఇచ్చింది: మీ మైదానాలు వాళ్లకు ఇవ్వకండి. అంతే. కొట్టిన దెబ్బ కాళ్ల మీద కాదు, కాళ్ల కింది నేల మీద. గేటు లేనిచోట టికెట్ అమ్మలేరు, టికెట్ లేనిచోట విరాళం పోగవదు, స్టాండు లేనిచోట 53,000 మంది నిలబడలేరు. ఆలిస్ కెల్ జట్టు ఆడడం మానలేదు. పంట పొలాల్లో, పార్కుల్లో, అమెరికా వెళ్లి కూడా ఆడింది. లిలీ పార్ మానసిక వైద్యశాలలో నర్సుగా బతుకు గడుపుతూ ఆడుతూనే ఉంది. ఆ మాట చదివిన రోజు రాత్రి డ్యూటీలో నేను చాలాసేపు ఆమె గురించే ఆలోచించాను. ఆ ఆంక్ష పూర్తిగా తొలగడానికి 1971 దాకా పట్టింది. గూడిసన్ రోడ్డు వైపు ఆ కాలంలో దేశంలోకెల్లా పెద్దదనిపించుకున్న మూడంతస్తుల స్టాండు పూర్తయిందీ ఆ ఏడాదే. యాభై ఏళ్లలో పురుషుల ఆటకు అంతస్తులు పెరిగాయి. స్త్రీల ఆట నేల దగ్గరే మళ్లీ మొదలు పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇది నాకు పుస్తకంలో చదివిన సంగతిలా అనిపించదు. నేను చదివిన బడిలో ఒకే మైదానం. సాయంత్రం బడి వదలగానే అది మగపిల్లల క్రికెట్‌ది. మాకు ఖోఖో జట్టు ఉండేది, మండల పోటీల్లో గెలిచిన జట్టు. మమ్మల్ని ఎవరూ ఆడవద్దని అనలేదు. "వాళ్లు ఆడుకున్నాక మీరు ఆడుకోండి" అనేవారు. వాళ్లు ఆడుకున్నాక చీకటి పడేది. సున్నంతో గీసిన మా గీతలు వాళ్ల బూట్ల కింద చెరిగిపోయేవి. మా వ్యాయామ టీచరు మళ్లీ గీసేవారు. పదో తరగతికి వచ్చేసరికి జట్టులో నలుగురమే మిగిలాం. మిగతా వాళ్లకు ఆసక్తి లేదని బడిలో అనుకున్నారు. ఆసక్తి లేక కాదు. మైదానం లేక.

అందుకే, స్త్రీల ఆటకు ప్రచారం కావాలి, స్ఫూర్తి కావాలి అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఓపిక ఉండదు. కావాల్సింది ముందు నేల. తన పేరు మీద ఉన్న నేల. ఎవర్టన్ స్త్రీల జట్టునే చూడండి. 1983లో హొయ్‌లేక్ అనే చోట పుట్టి, పేర్లు మారి, 1995లో ఎవర్టన్ పేరు తెచ్చుకుంది. 1998లో లీగ్ గెలిచింది, 2010లో ఎఫ్‌ఏ కప్ గెలిచింది. అన్ని విజయాల తర్వాత ఆ జట్టుకు మొన్నటిదాకా ఉన్నది వాల్టన్ హాల్ పార్కులో రెండు వేల పైచిలుకు మంది పట్టే చిన్న మైదానం. గూడిసన్ అక్కడికి నడిచి వెళ్లే దూరం. అయినా ఆ గేటు దాటి శాశ్వతంగా లోపలికి రావడానికి 2025 దాకా పట్టింది.

నా సహోద్యోగిని మాటల్లో బలం లేదనను. ఆమె వాదనలు మూడు.

అంత పెద్ద మైదానం నిండదు, ఖాళీ సీట్ల మధ్య ఆడితే జట్టుకే అవమానం అంటుంది. ముప్పై తొమ్మిది వేల సీట్లు ప్రతి వారం నిండవన్నది నిజమే. కానీ ఈ మైదానం కూడా ప్రారంభం రోజు పన్నెండు వేల మందితో మొదలై, 1948లో లివర్‌పూల్‌తో పురుషుల మ్యాచ్‌కు 78,299కు చేరింది. మధ్యలో 56 ఏళ్లు. వాళ్లకు ఇచ్చిన గడువు వీళ్లకెందుకు ఇవ్వరు?

ఆర్సెనల్ స్త్రీల జట్టు లీగ్ మ్యాచ్‌లు పురుషుల పెద్ద స్టేడియంలోనే ఆడుతోంది కదా, ఎవర్టన్ స్త్రీలు మాత్రం కొత్త స్టేడియంలో ఎందుకు ఆడకూడదు అన్నది రెండోది. ఇది నన్ను కాసేపు ఆపింది. పెద్ద మ్యాచ్‌లు అక్కడ ఆడాలి, తప్పకుండా ఆడాలి. కానీ ఇంకొకరి ఇంట్లో ఆడినప్పుడు తేదీ వాళ్లు ఇచ్చినప్పుడే దొరుకుతుంది. గడ్డి పాడవుతుందంటే ముందు ఎవరి మ్యాచ్ వాయిదా పడుతుందో మా బడి మైదానం నాకు నేర్పింది. సొంత గది తాళం సొంత చేతిలో ఉండడం వేరు.

మూడోదే నిజంగా కష్టమైనది. గూడిసన్‌ను కూల్చి ఆ స్థలంలో ఇళ్లు, ఆరోగ్య కేంద్రం, చదువుకునే చోట్లు కట్టాలన్నది పాత ఆలోచన. నగరపాలక సంస్థ ప్రాథమిక అనుమతి కూడా ఇచ్చింది. వాల్టన్ ఇంగ్లండ్‌లోని బాగా పేద ప్రాంతాల్లో ఒకటి. ఇక్కడి ముసలివాళ్ల ఊపిరితిత్తులు నాకు తెలుసు, ఇళ్లలోని చెమ్మ తెలుసు. ఆరోగ్య కేంద్రం అక్కర్లేదని నేనెలా అనగలను? అనను. కానీ మ్యాచ్‌ల జనం మీద బతికిన వీధులివి. చేపలూ వేపుళ్లూ అమ్మే దుకాణాలు, కండువాలు అమ్మేవాళ్లు, మ్యాచ్ రోజు నిండిపోయే పబ్బులు. రెండు వారాలకోసారి జరిగే ఆ సంతను ఒక్కసారిగా ఎత్తేస్తే పేట ఇంకా నీరసపడుతుంది. స్త్రీల జట్టు మ్యాచ్‌లు ఆ సంతను పూర్తిగా నిలబెట్టలేకపోవచ్చు, ఆరిపోకుండా చూస్తాయి. ఆరోగ్య కేంద్రాన్ని మైదానం పక్కన కూడా కట్టవచ్చు. మైదానాన్ని కూల్చి ఇళ్లు కట్టేశాక అది మళ్లీ రావడం కష్టం.

మిగతా పాత మైదానాలు ఏమయ్యాయో చూస్తే భయమేస్తుంది. ఆర్సెనల్ వదిలిన హైబరీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. వెస్ట్ హామ్ వదిలిన అప్టన్ పార్కు కూడా అంతే. మాంచెస్టర్ సిటీ మెయిన్ రోడ్డు మీద ఇళ్లు లేచాయి. మిడిల్స్‌బరో అయిర్‌సమ్ పార్కు మీద కట్టిన కాలనీలో, 1966లో ఇటలీపై ఉత్తర కొరియా గోల్ కొట్టిన చోట, ఒక ఇంటి ముందు గడ్డిలో బూటు గుర్తును కంచుతో పోసి పెట్టారు. ఆ గుర్తు అందమైనదే. కానీ పిల్లలు దాని మీద ఆడలేరు.

ఎవర్టన్ ఇక్కడి నుంచి వెళ్లకూడదని నేను అనడం లేదు. స్తంభాల వెనుక మెడ వంచి చూసే సీట్లు, ఇరుకు మెట్లు, చాలని మరుగుదొడ్లు. వెళ్లక తప్పలేదు. 1989లో హిల్స్‌బరో విషాదంలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయాక, నిలబడే స్టాండ్లన్నిటినీ సీట్లుగా మార్చాల్సి వచ్చింది. నాలుగు వీధుల మధ్య ఇంకెటు పెరుగుతుంది? కింగ్స్ డాక్ ప్రయత్నం 2003లో, కిర్క్‌బీ ప్రయత్నం 2009లో వీగిపోయాయి. చివరికి బ్రామ్లీ మూర్ రేవు దొరికింది. 1848 నాటి ఆ రేవును ఐరిష్ సముద్రం ఇసుకతో పూడ్చి 52 వేలకు పైగా సీట్లతో కట్టారు. 2021లో యునెస్కో లివర్‌పూల్ రేవులను ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. దానికి చూపిన కారణాల్లో ఈ స్టేడియం ఒకటి. నగరం ఆ ధర చెల్లించింది. ఒక వారసత్వాన్ని పోగొట్టుకున్న క్లబ్బు, రెండోదాన్ని చేజేతులా కూల్చకపోవడం నాకు పెద్ద ఊరట.

2025 మే 18న సౌతాంప్టన్‌తో గూడిసన్‌లో పురుషుల చివరి మ్యాచ్. 2-0. రెండు గోల్స్ ఇలిమాన్ న్‌డియాయేవే. మ్యాచ్ మొదలవక ముందే పేటంతా నీలం పొగ. మూడు నెలల తర్వాత, సరిగ్గా గూడిసన్ తెరుచుకున్న ఆగస్టు 24నే, కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్. అక్కడ మొదటి గోల్ కూడా అతనిదే.

సెప్టెంబరులో స్త్రీల జట్టు గూడిసన్‌కు వచ్చింది. క్లబ్బుకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇచ్చి వదిలేయకండి. పైకప్పు కారితే బాగు చేయండి, బడిపిల్లలకు టికెట్ అందుబాటులో ఉంచండి. నాలుగేళ్లు పట్టించుకోకుండా ఉంచి, ఆ తర్వాత "చూశారా, జనం రాలేదు" అని కూల్చడానికి ఇప్పటి నిర్ణయాన్ని సాకుగా వాడుకోకండి. మా ఖోఖో జట్టు మీద కూడా అదే మాట అన్నారు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఆటకు ముందు గడ్డి చుట్టూ తిరిగి జనానికి మిఠాయిలు విసిరే అమ్మాయి ఈ క్లబ్బులో పాత ఆనవాయితీ. 'టాఫీలు' అన్న ముద్దుపేరు ఈ క్లబ్బుకు ఉంది మరి. నా దోసిట్లో పడిన మిఠాయి నలుపూ తెలుపూ చారలది, పుదీనా రుచిది. నా ముందు వరుసలో ఏడెనిమిదేళ్ల పిల్లలు కొందరు, చేతికి తొడుగులేసుకున్న గోల్‌కీపర్ పాప ఒకతె. నా సీటు ముందు లీచ్ కాలం నాటి స్తంభం. ఎడమ గోల్ కనిపిస్తే కుడిది కనిపించదు. రెండో సగంలో ఎవర్టన్ కుడివైపు దాడి చేస్తోందని లేచి పక్క సీటుకు జరిగాను. ఖాళీగానే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. వచ్చే నెల మా అక్క కూతురు లీడ్స్ నుంచి వస్తోంది. దానికి పదమూడేళ్లు, బడి జట్టులో ఎడమ పక్క ఆడుతుంది, లిలీ పార్ లాగే. గ్లాడిస్ వీధి స్టాండులో, స్తంభం అడ్డురాని వరుసలో రెండు టికెట్లు తీసుకున్నాను.